అట్లాంటిక్ చరిత్రను శ్రీకాకుళం తీరం నుంచి చదివితే

పలాస జీడిపప్పుకు అసలు పుట్టిల్లు ఉద్దానం కాదు, బ్రెజిల్. పదహారో శతాబ్దంలో పోర్చుగీసు వారు ఆ చెట్టును మన దేశపు పడమటి తీరానికి తెచ్చారు. ఆ తర్వాత అది మన ఇసుక నేలల్లో కూడా పాతుకుపోయింది. చేతులకు జీడి అంటి పొక్కులు రాకుండా బూడిదో నూనో రాసుకొని పిక్కలు కొట్టే పలాస ఆడవాళ్ళ కూలి బతుకుకు కూడా, ఆ లెక్కన, అట్లాంటిక్ మహాసముద్రంతో సంబంధం ఉంది. ఖండాల మధ్య మొక్కలు, జంతువులు, రోగాలు ఇలా చేతులు మారడాన్ని 1972లో అమెరికా చరిత్రకారుడు ఆల్ఫ్రెడ్ క్రాస్బీ ‘కొలంబియన్ మార్పిడి’ అన్నాడు. అట్లాంటిక్ చుట్టూ ఉన్న ఖండాల గతాన్ని కలిపి చదివే ‘అట్లాంటిక్ చరిత్ర’ అనే అధ్యయన రంగంలో నాకు అన్నిటికన్నా ముందు కనిపించేది ఈ విస్తృతే.

ఆ రంగం మాత్రం ఇంత విశాలంగా మొదలుకాలేదు. 1955లో రోమ్‌లో జరిగిన అంతర్జాతీయ చరిత్ర మహాసభలో ఫ్రాన్సుకు చెందిన జాక్ గోదెషో, అమెరికాకు చెందిన రాబర్ట్ పామర్ కలిసి, సముద్రానికి ఇరువైపులా వచ్చిన విప్లవాలను ఒకే కథగా చూడాలని ప్రతిపాదించినప్పుడు, అమెరికా, పశ్చిమ ఐరోపా దేశాల సైనిక కూటమి నాటోకు చరిత్ర ముసుగు తొడుగుతున్నారన్న అనుమానాన్ని వారు ఎదుర్కోవలసి వచ్చింది. ఆ అనుమానంలో కొంత న్యాయం ఉందనే నా అభిప్రాయం, ఎందుకంటే వారి చిత్రంలో ఐరోపా, ఉత్తర అమెరికా నిండుగా ఉన్నాయి గాని ఆఫ్రికాకు చోటు దొరకలేదు.

ఆ లోటు తీర్చే పని నిజానికి అంతకు ముందే మొదలైంది. కరీబియన్ దీవి ట్రినిడాడ్‌లో పుట్టిన సి.ఎల్.ఆర్. జేమ్స్ 1938లో హైతీ బానిసల విప్లవాన్ని ప్రపంచ చరిత్ర నడిబొడ్డున నిలబెట్టగా, ట్రినిడాడ్‌కే చెందిన ఎరిక్ విలియమ్స్ 1944లో బానిస వర్తకపు లాభాలకూ ఇంగ్లండు పారిశ్రామిక ఎదుగుదలకూ ఉన్న ముడిని చూపించాడు. విశ్వవిద్యాలయాలు వీరిని ఈ రంగపు పెద్దలుగా ఒప్పుకోవడానికి చాలా కాలం పట్టడం నాకు బాధ కలిగించే విషయం. చరిత్రకారుడు బెర్నార్డ్ బెయిలిన్ 1995లో హార్వర్డ్‌లో ప్రారంభించిన సెమినార్ ఈ రంగానికి ఒక స్థిరమైన ఇల్లు ఇచ్చింది.

బానిస వర్తకంలో ఎందరిని సముద్రం దాటించారన్నదానిపై 1969లో చరిత్రకారుడు ఫిలిప్ కర్టిన్ మొదలుపెట్టిన లెక్కను ఎందరో పరిశోధకులు కలిసి పెంచి, ముప్పై ఆరు వేలకు పైగా ఓడ ప్రయాణాల పట్టికగా తీర్చిదిద్దారు. ఒక్కో ప్రయాణానికి ఓడ పేరు, కెప్టెన్ పేరు, బయలుదేరిన రేవు, ఎక్కించినవారి సంఖ్య, దిగినవారి సంఖ్య వంటి వివరాలను దొరికినంత మేరకు వరుసగా పెట్టారు. కెప్టెన్ పేరు కనిపించే ఆ పట్టికలో, ఓడ అడుగున సంకెళ్ళతో ఉన్న మనుషుల పేర్లు దాదాపు ఉండవు. ఆ పరిశోధకుల అంచనా ప్రకారం ఆఫ్రికాలో ఓడ ఎక్కించబడినవారు సుమారు 1.25 కోట్ల మంది, ప్రాణాలతో అవతలి ఒడ్డున దిగినవారు సుమారు 1.07 కోట్ల మంది.

ఆ మనుషులను దేనితో కొన్నారన్న ప్రశ్న దగ్గరే ఈ చరిత్ర మన తీరాన్ని తాకుతుంది. పశ్చిమాఫ్రికా వర్తకులు బాగా కోరిన సరుకుల్లో భారతదేశపు నూలు బట్ట ఒకటి. కోరమాండల్ తీరంలో నేసిన ముతక బట్టలో ఒక రకానికి ‘గినీ బట్ట’ అనే పేరే స్థిరపడింది. డచ్చివారు భీమునిపట్నంలో, ఆంగ్లేయులు విశాఖపట్నంలో వర్తకస్థానాలు పెట్టుకొని చేసిన వ్యాపారంలో బట్టల కొనుగోలుకు పెద్ద స్థానం ఉండేది. బయానా పుచ్చుకొని మగ్గం మీద కూర్చున్న సాలెవారికి తమ బట్ట ఏ ఒడ్డుకు చేరుతుందో తెలిసే వీలు లేదు.

చరిత్రకారుడు డేవిడ్ ఆర్మిటేజ్ 2002లో ఈ చరిత్రను రాయడానికి మూడు మార్గాలు చెప్పాడు: సముద్రాన్ని మొత్తంగా చూడడం, దాని చుట్టూ ఉన్న దేశాలను పోల్చడం, ఒకే ప్రాంతాన్ని తీసుకొని ఆ సముద్రంతో దానికున్న సంబంధాన్ని పరిశీలించడం. మూడో మార్గానికి ఎంచుకునే ఊరు అట్లాంటిక్ ఒడ్డునే ఉండాలన్న నియమం ఎందుకని నా ప్రశ్న. బ్రిటన్ 1833లో బానిసత్వ రద్దు చట్టం చేశాక మారిషస్ చెరకు తోటలకు కూలీలు కావలసి వచ్చి, కోరంగి రేవు నుంచి కూడా తెలుగువారిని ఓడలెక్కించారు. ఉత్తరాంధ్ర నుంచి రంగం (బర్మాలోని రంగూన్) వెళ్ళిన కూలీల కథ దాని తరువాతిది. ఈ వలసలనూ, ఐరోపా వర్తక కంపెనీల బట్టల లెక్కలనూ పక్కపక్కన పెట్టి చదివే పరిశోధన మన జిల్లాల కళాశాలల్లోనే మొదలుకావాలని నేను కోరుకుంటున్నాను.