డిశ్చార్జి అయ్యాక ఎవరూ అడగని లెక్క

కరోనా వల్ల జనం బతుకుదెరువు ఏమైందో తెలుసుకునే ఒక పరిశోధన కోసం నేను గుంటూరు జిల్లాలో ఫోన్ సర్వే చేసేదాన్ని. పని ఉందా, రేషన్ బియ్యం అందాయా, అప్పు ఎక్కడ తెచ్చారు, ఇవీ ప్రశ్నలు. 2020 ఆగస్టులో బంగారం విలువలో 90 శాతం దాకా అప్పివ్వొచ్చని రిజర్వ్ బ్యాంక్ వెసులుబాటు ఇచ్చింది, ఆ రోజుల్లో నేను ఫోన్ చేసిన చాలా ఇళ్లలో ఆడవాళ్ల బంగారం అప్పటికే తాకట్టులో ఉంది.

2021 మే నెలలో జబ్బు నాకే వచ్చింది. ముందు జ్వరం, ఒళ్లు నొప్పులు, తర్వాత పొయ్యి మీద పోపు మాడిపోతున్నా వాసన తెలియలేదు. ఆక్సీమీటర్ 89 చూపించేసరికి మా ఆయన ఫోన్ల మీద ఫోన్లు చేశారు. ఆంధ్రాలో అప్పట్లో కరోనా చికిత్స ఆరోగ్యశ్రీలో ఉండేది, కానీ కార్డు ఉన్నా బెడ్ ఖాళీగా ఉండాలి కదా, చివరికి డబ్బు కట్టించుకునే ప్రైవేటు ఆస్పత్రిలోనే దొరికింది. అడ్వాన్సు కోసం నా గొలుసు కూడా తాకట్టుకు వెళ్లింది. లోపల ఆక్సిజన్ పెట్టి బోర్లా పడుకోబెట్టారు. పక్క బెడ్ ఆవిడ బతకలేదు, దాని గురించి ఇంతకంటే రాయలేను.

ఇంటికొచ్చాక అందరూ గండం గడిచిందన్నారు. నిజమే, కానీ నీళ్ల బిందె ఎత్తితే ఆయాసం, స్టెరాయిడ్లతో షుగర్ పెరిగింది, తల దువ్వితే జుట్టు కుచ్చులుగా ఊడేది, ప్రశ్న సగం చదివేసరికి మొదటి సగం మర్చిపోయేదాన్ని. మాకు కాల్‌కి ఇంత అని ఇస్తారు, చేయకపోతే డబ్బు లేదు. నన్ను చూసుకోవడానికి అమ్మ కుట్టుపని మానేసి వచ్చింది. అంటే ఒక జబ్బుకి ఇంట్లో రెండు సంపాదనలు పోయాయి.

కాస్త ఓపిక వచ్చి మళ్లీ కాల్స్ మొదలుపెట్టాక, కోల్డ్ స్టోరేజీలో మిరపకాయల తొడిమలు తీసే ఒక అక్క మాట్లాడింది. కరోనా తగ్గిందంది. మరి పనికి ఎందుకు వెళ్లడం లేదక్కా అంటే, "ఘాటు తట్టుకోలేకపోతున్నానమ్మా, కూర్చున్న కాసేపటికే దగ్గు, మేస్త్రీ రావొద్దన్నాడు" అంది. మాటల మధ్యలో కూడా దగ్గుతూనే ఉంది. మా ఫారంలో ఆస్పత్రి ఖర్చు ఉంది, ఎన్ని రోజులున్నారో ఉంది, పని మానడానికి కారణాల్లో మాత్రం ఆమె చెప్పింది లేదు. "ఇతరాలు" అని నొక్కాలి. నాకు ప్రాణం ఒప్పలేదు.

ఆ సాయంత్రమే మా ప్రాజెక్టు మేడంకి ఫోన్ చేశాను. డిశ్చార్జి అయ్యాక మునుపటిలా పని చేయడానికి ఎన్నాళ్లు పట్టింది, అన్నాళ్లూ ఇంట్లో ఇంకెవరు పని మానుకున్నారు, ఈ రెండూ అడుగుదాం మేడం అన్నాను. తర్వాతి రౌండులో పెట్టారు. రెండోదానికి నాకొచ్చిన జవాబుల్లో ఎక్కువగా అమ్మ, కోడలు, కూతురే. లాక్‌డౌన్లో పని పోయి 2020 చివరికి కూడా తిరిగి పనిలోకి రానివాళ్లు, అంతకుముందు పనిచేస్తున్న మగవాళ్లలో 7 శాతమైతే పనిచేస్తున్న ఆడవాళ్లలో 47 శాతమని అజీమ్ ప్రేమ్‌జీ యూనివర్సిటీ 2021 నివేదికలో ఉంది. ఆ అంకె చదివినప్పుడు నాకు కుట్టుమిషన్ మీద గుడ్డ కప్పి వచ్చిన మా అమ్మే గుర్తొచ్చింది.

2021 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ కరోనా తర్వాత నెలల తరబడి ఉండే ఈ నీరసానికి, ఆయాసానికి, మతిమరుపుకి ఒక నిర్వచనం ఇచ్చింది. చదివి ఎంత ఊరట కలిగిందో! అప్పటిదాకా చుట్టాలు "అంతా టెన్షన్ వల్లే" అంటుండేవాళ్లు. నేను మాత్రం ఊపిరి వ్యాయామాలు, రోజూ కొంచెం కొంచెం నడక, షుగర్ పరీక్షలు, ఇలా నెమ్మదిగానే తేరుకున్నాను. గొలుసు విడిపించుకోవడానికి అంతకంటే ఎక్కువ కాలం పట్టింది.

సర్వేలు తయారుచేసేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, ఆ రెండు ప్రశ్నలూ డెంగ్యూకి, టీబీకి కూడా పెట్టండి. జవాబు చెప్పేటప్పుడు ఇంట్లో ఆడవాళ్లకి ఫోన్ ఇవ్వమని అడగండి.