ఒంగోలు బస్సులో కొత్త లింకిన్ పార్క్

కార్తీక పౌర్ణమి నాడు నెల్లూరు నుంచి ఒంగోలు బస్సు ఎలా ఉంటుందో ఈ దారిలో తిరిగేవాళ్లకి చెప్పక్కర్లేదు. సముద్ర స్నానాలకి పోయేవాళ్లు, శివాలయాలకి పోయేవాళ్లు, కాళ్ల మధ్య సంచులు. కిటికీ సీటైతే దొరికింది గానీ అద్దం జరగలేదు. పెన్నా వంతెన మీదే జల్లు మొదలై భుజం తడిసిపోయింది. అయినా లేవలేదు. ఆ రోజే, 2024 నవంబరు 15న, అమెరికా రాక్ బ్యాండ్ లింకిన్ పార్క్ కొత్త ఆల్బం ‘ఫ్రమ్ జీరో’ విడుదలైంది. దాన్ని ఇంట్లో కూర్చుని వినబుద్ధి కాలేదు. ఒంగోల్లో ఇంజనీరింగ్ చదివే రోజుల్లో ట్రంకు రోడ్డులో కొన్న ఎంపీ3 సీడీతో వాళ్ల పాటలు నాకు పరిచయమైంది ఈ బస్సుల్లోనే.

2017 జూలైలో వాళ్ల గాయకుడు చెస్టర్ బెన్నింగ్టన్ పోయాక ఇక ఈ బ్యాండ్ లేదనే అనుకున్నాను. 2024 సెప్టెంబరులో కొత్త గాయనిగా ఎమిలీ ఆర్మ్‌స్ట్రాంగ్ పేరు చెప్పినప్పుడు సంతోషం కంటే కోపమే ముందొచ్చింది.

పదకొండు పాటలు, అన్నీ కలిపితే 32 నిమిషాలు. కావలి రాకుండానే అయిపోయింది. ఏడేళ్లు ఎదురుచూస్తే ఇంతేనా అనిపించింది. ఎమిలీ గొంతు చించుకుని అరిచిన చోట రోమాలు లేచాయి, అది కాదనలేను. నెమ్మదిగా పాడేచోట మాత్రం నా చెవులు చెస్టర్ కోసమే వెతికాయి. కొన్ని గిటారు వరసలు వాళ్లదే 2003 నాటి ఆల్బం ‘మెటియోరా’ని గుర్తుచేస్తుంటే ముచ్చటపడాలో, పాతదే తిప్పి ఇస్తున్నారని నొచ్చుకోవాలో తేలలేదు.

కావలిలో ఒక పెద్దాయన డోలుతో ఎక్కి నా పక్కన కూర్చున్నాడు. దానికి గళ్ల లుంగీ గుడ్డతో కుట్టిన తొడుగు. వాన పడకుండా దాన్ని ఒళ్లోకి లాక్కుని, చుట్టూ చేతులేసి పట్టుకున్నాడు. వేళ్ల కణుపులన్నీ కాయలు కాసి ఉన్నాయి. టంగుటూరు దగ్గర శివాలయంలో మేళమట. కాసేపటికి, “ఏంది అబ్బయ్యా, అంత దిగులుగా వింటున్నావు?” అన్నాడు.

విషయం చెప్పి ఇయర్‌ఫోన్లు ఇచ్చాను. మొదట చెస్టర్ పాట ఒకటి, తర్వాత కొత్తదాంట్లో బ్యాండులోని ఇంకో గాయకుడు మైక్ షినోడా ఎత్తుకుంటే రెండో చరణం నుంచి ఎమిలీ అందుకునే పాట పెట్టాను. కళ్లు మూసుకుని ముందు సీటు కమ్మీ మీద వేళ్లతో తాళం వేశాడు. ఉలవపాడు దాటాక తీసి, “ఆయన ఎత్తి ఆ పిల్లకి అందించాడు, పద్ధతిగానే ఉంది. గొంతు సంగతి సరే, వాయించేవాడు కూడా మారాడా?” అన్నాడు.

నాకు నోట మాట రాలేదు. పాత డ్రమ్మర్ రాబ్ బోర్డన్ తిరిగి రాలేదనీ, డ్రమ్స్ కాలిన్ బ్రిటన్ వాయించాడనీ వార్తల్లో చదివాను. అక్కడితో వదిలేశాను. ఒక్కరోజు కూడా అతని కోసం బాధపడలేదు.

“పాతాయన దెబ్బ కొట్టి చోటు వదులుతున్నాడు. ఈయన ఆ చోటు నింపేస్తున్నాడు. తప్పేం లేదు, చెయ్యి వేరు. మా మేళంలో సన్నాయి మారితే ఊరంతా అడుగుతారు, డోలు మారితే ఎవరడుగుతారు?”

సన్నాయికి షేక్ చినమౌలానా లాంటి వాణ్ని కన్న కరవది ఒంగోలు పక్కనే. ఆయన పేరు నాకూ తెలుసు, ఆయన పక్కన డోలు పట్టినవాళ్లలో ఒక్కరి పేరూ తెలియదు. పెద్దాయన టంగుటూరులో దిగాక, పొగాకును వేడితో ఆరబెట్టే, ఇంకా ముట్టించని బ్యారన్లు దాటుకుంటూ వాళ్ల 2000 నాటి ఆల్బం ‘హైబ్రిడ్ థియరీ’ పెట్టి డ్రమ్సే విన్నాను. చెస్టర్ అరిచే ముందు రాబ్ వదిలే ఆ చోటు ఉంది చూశారూ, అన్నేళ్లుగా నన్ను పట్టుకున్నదాంట్లో సగం అదే.

కొత్త ఆల్బం పూర్తిగా ఎక్కిందని చెప్పలేను. నెమ్మది పాటలు ఇంకా దూరంగానే ఉన్నాయి, ఆఖరిదొక్కటి తప్ప. ఒంగోలు బస్టాండు బయట చిన్న గ్లాసుడు టీకి ఇరవై రూపాయలు తీసుకున్నారని మండిపడుతూనే ఆ పాట ఇంకోసారి పెట్టుకున్నాను.