అటక మీద కత్తిపీట

పాపకి మూడో నెల. చాప మీద పడుకుని కాళ్లు ఆడిస్తోంది. నేను పక్కనే కత్తిపీట ముందు కూర్చుని వంకాయలు తరుగుతున్నాను. ఉన్నట్టుండి కళ్ల ముందు ఒక దృశ్యం: నా చేతులే పాపని ఎత్తి ఆ కత్తి మీద... ఇంతకు మించి రాయలేను. ఒళ్లు చల్లబడిపోయింది. పాపని అత్తయ్య ఒళ్లో పెట్టి బాత్‌రూమ్‌లోకి వెళ్లి ఏడ్చాను.

ఆ సాయంత్రమే కత్తిపీట అటకెక్కింది. మొద్దుబారిందని అబద్ధం చెప్పాను. తర్వాత చాకు, కత్తెర. పాపకి స్నానం చేయించాలంటే అత్తయ్య పక్కన ఉండాల్సిందే. ఆ దృశ్యం వచ్చినప్పుడల్లా మనసులో పదకొండుసార్లు రామనామం. లెక్క తప్పితే మళ్లీ మొదటి నుంచి. అర్ధరాత్రి మా ఆయన్ని లేపి, "ఏవండీ, నేను పాపని ఏం చేయను కదా?" అని అడిగేదాన్ని. "పిచ్చిదానా, నువ్వేం చేస్తావ్, పడుకో" అనేవారు. ఆ మాటతో పావుగంట ప్రశాంతం. మళ్లీ లేపేదాన్ని.

ఓసీడీ అనే మానసిక జబ్బంటే చేతులు పదే పదే కడుక్కోవడమే అనుకునేదాన్ని. "దుప్పటి ముడతపడితే నాకు తోచదు, నాకూ ఓసీడీయే" అని మా స్టాఫ్‌రూమ్‌లో నవ్వుకునేవాళ్లం. అందుకే నాకొచ్చింది అదేనని తట్టలేదు, నేనో రాక్షసినని అనుకున్నాను. అమ్మ దిష్టి తీసింది. మొదట చూసిన డాక్టరు బాలింత నీరసమని టానిక్ రాశారు. ఆయన్ని అనడానికి లేదు, నేను చెప్పింది సగమే.

సైకియాట్రిస్టు మేడమ్‌కి మాత్రం మొత్తం చెప్పేశాను. ఆవిడ ఉలిక్కిపడలేదు. ఇలాంటి పాడు ఆలోచనలు ఏ జబ్బూ లేనివాళ్లకీ వస్తాయట. రాచ్‌మన్, డిసిల్వా అనే ఇద్దరు సైకాలజిస్టులు 1978లోనే ఈ సంగతి రాశారట. జబ్బు లేనివాళ్లు ఛీ అనుకుని వదిలేస్తారు, నేను పట్టుకుని కూర్చున్నాను. వద్దన్నా వచ్చే ఆలోచన అబ్సెషన్, ఆ భయం తగ్గడానికి చేసేది కంపల్షన్. కత్తిపీట దాచడం, నామం లెక్క కంపల్షన్లంటే ఒప్పుకున్నాను. మా ఆయన్ని అడగడం కూడా అదే అనేసరికి కోపమొచ్చింది. మొగుణ్ని ఓ మాట అడగడం జబ్బా?

"ఆయన జవాబుతో భయం తగ్గుతుంది కదా. దాంతో మీ బుర్ర ఏమనుకుంటుంది? నిజంగానే ప్రమాదం ఉంది, అడిగాను కాబట్టి తప్పింది అనుకుంటుంది. రేపు మళ్లీ అడగమంటుంది."

వడ్డీకి అప్పు తెచ్చి వడ్డీ కట్టినట్టు.

ఈ జబ్బు ఎంత ముదిరిందో కొలవడానికి పది ప్రశ్నలు, నలభై మార్కుల స్కేల్ ఒకటి ఉంది. నాకు 27. టీచర్ని కదా, ఎక్కువ మార్కులొచ్చి ఏడ్చింది అప్పుడే. సెర్‌ట్రాలిన్ అనే మందు మొదలుపెట్టారు. గుణం తెలియడానికి రెండు మూడు నెలలైనా పట్టొచ్చని ముందే చెప్పారు. దాంతో పాటు ఈఆర్‌పీ అనే థెరపీ: భయపెట్టేదాని ఎదురుగా కూర్చోవాలి, కంపల్షన్ మాత్రం చేయకూడదు. మెట్టు మెట్టుగా. ముందు కాగితం మీద 'కత్తిపీట' అని రాయడం. తర్వాత అటక మీంచి దించడం. తర్వాత పాప పక్క గదిలో ఉండగా తరగడం.

ఏడో వారం మళ్లీ వంకాయలు. చాప మీద పాప. నామం లెక్కపెట్టకూడదు, ఎవర్నీ అడగకూడదు. చేతులు వణికి ముక్కలు ఒకటి వేలంత, ఒకటి గోరంత వచ్చాయి. గుండె చప్పుడు చెవుల్లో వినిపిస్తోంది. ఆ దృశ్యం వచ్చింది. రానిచ్చాను. ఉప్పునీళ్ల గిన్నె నిండేసరికి అది ఇంకా ఉంది, కానీ దాంతోపాటు నడుంనొప్పి కూడా తెలిసింది. పాప తన బొటనవేలు నోట్లో పెట్టుకునే ప్రయత్నంలో ఉంది.

ఇంట్లోవాళ్లకీ పాఠం చెప్పారు: జవాబివ్వకండి అని. మా ఆయనకి అదే కష్టమైంది. ఇప్పుడు పాపకి నాలుగేళ్లు. పోయిన వారం నిద్రలేక, చాలా నెలల తర్వాత నోరు జారాను: "ఏవండీ, నేను ఏం చేయను కదా?"

ఆయన అటు తిరిగి పడుకుంటూ, "రేపు కూరలో ఉప్పు తగ్గించు" అన్నారు.