మా అమ్మకు రాని డెంగీ: సీఎంఆర్‌ఎఫ్ కేసులో సాక్షిగా మా అనుభవం

ముందే చెప్పేస్తున్నా, మేం ముద్దాయిలం కాదు, సాక్షులం. కాగితం మీద ఈ రెండింటికీ తేడా ఒక్క సెక్షన్ నెంబరే, కానీ ఆ నెంబరు ఏంటో తెలిసేదాకా మా ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు. ముఖ్యమంత్రి సహాయనిధికి (సీఎంఆర్‌ఎఫ్) దొంగ బిల్లులు పెట్టారని పేపర్లో చదవడం వేరు, ఆ బిల్లు మీద మన ఇంటి మనిషి పేరు చూడటం వేరు. ఇలాంటి ఫోన్ ఇంకెవరికైనా వస్తే పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నా.

మాది ఖమ్మం జిల్లాలో ఒక పల్లె, పక్కనే ఉన్న మండల కేంద్రంలో నాకు సెల్‌ఫోన్ల షాపు ఉంది. నాన్న లేరు. 2022 చివర్లో అమ్మకు గాల్‌బ్లాడర్‌లో రాళ్లని అర్జెంటుగా ఆపరేషన్ చేయించాం, ఆ ఆస్పత్రిలో ఆరోగ్యశ్రీ లేదు కాబట్టి బిల్లంతా చేతి నుంచే పెట్టుకున్నాం. ఊళ్లో ఇలాంటి పనులు చూసిపెట్టే ఒకాయన ఉన్నాడు, సీఎంఆర్‌ఎఫ్‌కి పెడితే ఎంతో కొంత వస్తుందన్నాడు. ఒరిజినల్ బిల్లులు, డిశ్చార్జి సమ్మరీ, ఆధార్, రేషన్ కార్డు జిరాక్సులు తీసుకుని, సిఫార్సు లేఖ కూడా ఆయనే తెచ్చి పెట్టాడు. కొన్ని నెలలకు చెక్కు వచ్చింది, అందరితో పాటు వరసలో నిలబడి తీసుకున్నాం, ఫొటో దిగాం, బ్యాంకులో వేసుకున్నాం. అది నిజమైన ఆపరేషన్, నిజమైన బిల్లు, దానితో ఎవరికీ పేచీ లేదు.

2025 మొదట్లో ఒక రోజు ఫోన్ వచ్చింది. “మీ అమ్మగారు డెంగీతో ఎన్ని రోజులు అడ్మిట్ అయ్యారు?” అని అడిగారు. మా అమ్మకు డెంగీ ఎప్పుడూ రాలేదు. అవతలి ఆయన పోలీసు అని చెప్పేసరికి డిజిటల్ అరెస్టు గాళ్లే అనుకుని కట్ చేసేశా, షాపుకు రోజుకొకరు అలాంటి మోసం గురించి చెప్పుకుని ఏడ్చేవాళ్లు వస్తుంటారు మరి. మళ్లీ చేశారు. డబ్బు మాట ఎత్తలేదు, వీడియో కాల్ అనలేదు, క్రైమ్ నెంబరు చెప్పి, కావాలంటే మీ స్టేషన్‌లో కనుక్కోమన్నారు. స్టేషన్‌కి పోయి అడిగితే నిజమేనన్నారు. మోసమైతేనే బాగుండేది అనిపించింది ఆ నిమిషం.

అమ్మను తీసుకుని హైదరాబాద్ రమ్మన్నారు. నేను టికెట్లు కూడా చూశాను గానీ, మా బావమరిది తనకు తెలిసిన వకీలు దగ్గరికి తీసుకెళ్లాడు. ఆయన అడిగిన మొదటి మాట: “నోటీసు ఏ సెక్షన్ కింద ఇచ్చారు?” నోటీసే ఇవ్వలేదు సార్, ఫోనే అన్నా. అయితే నోటీసు పంపమని మర్యాదగా అడుగు, దాని మీద నెంబరు చూద్దాం అన్నాడు.

ఇది కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అక్కడే మా టెన్షన్ సగం దిగింది. పోలీసులు, కోర్టులు కేసు ఎలా నడపాలో చెప్పే చట్టం పాత సీఆర్‌పీసీ, 2024 జూలై 1 నుంచి అది పోయి బీఎన్‌ఎస్‌ఎస్ వచ్చింది. అందులో 179 కింద నోటీసు వస్తే మనల్ని విషయం తెలిసిన మనిషిగా, అంటే సాక్షిగా పిలుస్తున్నట్టు. 35(3) కింద వస్తే మన మీద అనుమానం ఉన్నట్టు, పాత 41ఎ నోటీసు అంటే చాలామందికి తెలుస్తుంది. అలాగని 35(3) నోటీసు రాగానే అరెస్టు అని కాదు. చీటింగ్, ఫోర్జరీ లాంటి ఏడేళ్ల వరకు శిక్ష పడే కేసుల్లో ఆటోమేటిగ్గా అరెస్టు చేయొద్దని సుప్రీంకోర్టు 2014లో అర్నేష్ కుమార్ కేసులో చెప్పింది, నోటీసుకు హాజరవుతూ సహకరిస్తుంటే, కారణాలు రాసి పెట్టకుండా అరెస్టు చేయకూడదు. కానీ ఆ నోటీసు వచ్చిన మనిషి వకీలు లేకుండా ఒక్క ముక్క కూడా మాట్లాడకూడదని ఆయన గట్టిగా చెప్పాడు.

మాకు వచ్చింది 179. దాంట్లోనే ఇంకో సంగతి ఉంది: ఆడవాళ్లను, అరవై దాటిన మగవాళ్లను, వికలాంగులను, తీవ్రమైన జబ్బుతో ఉన్నవాళ్లను సాక్ష్యం కోసం వాళ్లుండే చోటు దాటి రమ్మనకూడదు, పోలీసులే రావాలి. మా ఊళ్లో ఇది ఎవరికీ తెలియదు, స్టేషన్ నుంచి పిలుపొస్తే ముసలోళ్లను కూడా ఆటో ఎక్కించి తీసుకుపోతారు. ఈ మాట మెల్లగా చెప్తే దర్యాప్తు చేస్తున్న ఎస్‌ఐ ఏమీ గొడవ చేయలేదు, సరే మేమే వస్తాం అన్నాడు. నాకైతే ఆశ్చర్యమే.

వచ్చారు. అమ్మ మంచం వాల్చి, చాయ్ పెట్టి, వాళ్లు ఫైలు తెరవకముందే తనే అడిగింది, “సారూ, నా పింఛన్ ఆగుద్దా?” ఆమెకు కేసు, కోర్టు అన్నీ తర్వాత, నెలనెలా వచ్చే 2,016 రూపాయల వితంతు పింఛను ముందు. దానికీ దీనికీ సంబంధం లేదమ్మా అని ఆయన చెప్పాక గానీ కూర్చోలేదు.

ఫైల్లో ఉన్న కాగితాలు చూసి నాకు నోట మాట రాలేదు. ఆస్పత్రి పేరు మేం ఎప్పుడూ విననిది. డిశ్చార్జి సమ్మరీలో అమ్మ పేరు, వయసు, ఆధార్ నెంబరు అన్నీ కరెక్టు. జబ్బు డెంగీ, ప్లేట్‌లెట్లు పడిపోయాయట, ఐసీయూలో పెట్టారట. తేదీలు 2023 మే రెండో వారం. ఖమ్మంలో మే నెల అంటే దోమ కూడా నీడ చూసుకుని కూర్చునే కాలం. అప్లికేషన్ మీద అమ్మ సంతకం కూడా ఉంది. అమ్మ దాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసి, “ఇంత చక్కగా నేనెప్పుడు రాశా?” అంది. ఆమె రాత్రిబడిలో నేర్చుకున్న సంతకం అది, చివరి అక్షరానికి ఒత్తు పెట్టడం ఏళ్ల తరబడి మర్చిపోతూనే ఉంది, బ్యాంకులో, పింఛను కాగితాల్లో ఎక్కడ చూసినా ఆ ఒత్తు ఉండదు. ఈ దొంగ సంతకంలో మాత్రం ఒత్తు ముత్యంలా ఉంది. ఎస్‌ఐ నవ్వుకుని అది నోట్ చేసుకున్నాడు.

కానీ గట్టి ఆధారం అది కాదు. “మే నెలలో ఎక్కడున్నావమ్మా?” అని అడిగితే “ఇంకెక్కడ, చెరువు పనికి పోయా” అంది. ఉపాధి హామీ పని. నేను అప్పటికప్పుడు ఫోన్లో జాబ్ కార్డు వివరాలు తీశా. ఐసీయూలో ఉందన్న ఆ వారమంతా అమ్మకు మస్టర్లో హాజరు పడి ఉంది, కూలి డబ్బులు ఖాతాలో పడ్డాయి. ఒక సర్కారు రికార్డులో ఐసీయూ మంచం మీద, ఇంకో సర్కారు రికార్డులో తట్ట నెత్తిన పెట్టుకుని చెరువులో! నెట్‌లోంచి తీసిన ప్రింటు కోర్టులో ఉత్తినే నిలబడదు, దానికి ధ్రువీకరణ జత కావాలి కాబట్టి ఎంపీడీవో ఆఫీసు నుంచి అటెస్టు చేసిన కాపీ తెప్పించుకుంటామన్నారు. ఆ పని వాళ్లే చేసుకున్నారు. మా దగ్గర ఉన్నవి, అంటే అసలు ఆపరేషన్ కాగితాల జిరాక్సులు, పాస్‌బుక్ కాపీ ఇచ్చి, ఏమేం ఇచ్చామో ఒక తెల్లకాగితం మీద రాసి వాళ్ల సంతకం తీసుకున్నా.

వాంగ్మూలం రాసుకున్నాక చదివి వినిపించమని అడిగాం, వినిపించారు. దాని మీద అమ్మ సంతకం తీసుకోలేదు, తీసుకోకూడదు కూడా. పోలీసులకిచ్చే వాంగ్మూలం మీద సంతకం పెట్టించే పద్ధతి చట్టంలో లేదు. మెజిస్ట్రేటు ముందు చెప్పేది వేరు, అది ప్రమాణం చేసి చెప్పి సంతకం పెట్టేది.

మరి చెక్కు ఎవరు మార్చుకున్నారు? మా అమ్మది మా జిల్లాలో ప్రతి ఊళ్లో ఇద్దరికైనా ఉండే పేరు. ఇంటిపేరు మొదటి అక్షరం కూడా కలిసిన ఇంకొకావిడ వేరే మండలంలో ఉంది, ఆమె ఖాతాలో పడింది. అప్పట్లో చెక్కు మీద పేరు తప్ప ఖాతా నెంబరు ఉండేది కాదు. 2024 జూలైలో సీఎంఆర్‌ఎఫ్ అప్లికేషన్లు ఆన్‌లైన్ చేసినప్పుడు చెక్కు మీద ఖాతా నెంబరు ముద్రించడం కూడా మొదలుపెట్టారు, ఈ పని ముందే చేసుంటే మా ఇంటికి పోలీసులు వచ్చేవాళ్లు కాదు. ఆ తర్వాతి నెల ఆగస్టులోనే దొంగ బిల్లుల మీద సీఐడీ దాదాపు 30 ఆస్పత్రులపై కేసులు పెట్టింది. నేరం 2023లో జరిగింది కాబట్టి సెక్షన్లు పాత ఐపీసీవి, చీటింగ్‌కి 420, ఫోర్జరీకి 468, దొంగ కాగితం వాడినందుకు 471, దానికి తోడు కుట్ర కింద 120బి. దర్యాప్తు పద్ధతి మాత్రం కొత్త చట్టంది. మా కేసూ అదే తీరు.

వకీలు దగ్గర కూర్చున్నప్పుడు నేను అడిగా, ఇదివరకు ఇలాంటివి కేసులదాకా వచ్చేవి కాదు కదా, అనర్హులైతే కార్డు తీసేసేవాళ్లు, మహా అయితే డబ్బు కట్టించుకునేవాళ్లు, ఇప్పుడేంటి ఇలా అని. ఆయన చెప్పిందాన్ని బట్టి, ఆ తర్వాత నేను చదివినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది: అనర్హుడు ఒక్కడే తీసుకుంటే ఇప్పటికీ అంతే. పీఎం కిసాన్‌లో ఇన్‌కమ్ ట్యాక్స్ కట్టేవాళ్లు డబ్బు తీసుకుంటే వెనక్కి కట్టమంటున్నారు. కానీ ఎక్కడైతే మధ్యలో ఒక సంస్థ గానీ, ఆఫీసరు గానీ ఉండి వందల పేర్లు ఒకేసారి నడిపించారో అక్కడ క్రిమినల్ కేసులు పడుతున్నాయి. 2023 ఆగస్టులో మైనారిటీ స్కాలర్‌షిప్పుల మీద సీబీఐ కేసు చూడండి, 830 సంస్థలు ఉత్తుత్తివో, అనుమానాస్పదమో అని, ఐదేళ్లలో 144.83 కోట్లు పోయాయని లెక్క. మన గొర్రెల పంపిణీ అయితే కాగ్ ఏడు జిల్లాలు చూసి 253.93 కోట్ల నష్టం తేల్చింది, గొర్రెలు తోలిన బండ్లంటూ రాసిన నెంబర్లలో బైకులు, అంబులెన్సులు కూడా ఉన్నాయి! 2024లో ఏసీబీ అధికారులను అరెస్టు చేసింది, 2025 జూలైలో ఈడీ సోదాలు చేసింది. డబ్బంతా ఖాతాల్లోనే తిరుగుతోంది కాబట్టి ఆచూకీ దొరకడం తేలికైంది, ఒకరోజు తర్వాత ఇంకోరోజు ఎవరి ఖాతాలోంచి ఎవరి ఖాతాలోకి పోయిందో స్టేట్‌మెంటే చెప్పేస్తుంది.

కేసులు పెట్టడమే వేగం పెరిగింది, తీర్పులు కాదు. 1996లో బయటపడిన బిహార్ దాణా కుంభకోణంలో లాలూ ప్రసాద్ మీదున్న ఐదో కేసు తీర్పు 2022 ఫిబ్రవరిలో వచ్చింది. ఏసీబీ, ఈడీ అని రోజూ హెడ్డింగులు చదివి ఏదో జరిగిపోతోందనుకునేవాళ్లు ఈ సంగతి కూడా గుర్తుపెట్టుకుంటే మంచిది.

నాకు నచ్చని విషయం ఇంకొకటి ఉంది. అమ్మ పేరే ఉన్న ఆ ఇంకొకావిడకు 35(3) నోటీసు వెళ్లింది. ఆమె వ్యవసాయ కూలీ. ఖాతాలో పొరపాటున డబ్బు పడింది, తీసివ్వు అని ఒకడు చెప్తే విత్‌డ్రా ఫారం మీద వేలిముద్ర వేసి తీసిచ్చింది, ఖర్చులకని ఐదు వేలు చేతిలో పెట్టారట. తప్పు కాదని నేననను, ఆ ఐదు వేలు ఎందుకిచ్చారో ఆమెకు అసలు అనుమానం రాలేదంటే నమ్మడం కష్టమే. కానీ కుట్ర అనే ఒక్క సెక్షన్ కింద ఆమె, ఆస్పత్రి పెట్టి బిల్లులు తయారుచేసినోడు ఒకే వరసలో నిలబడ్డారు. అతనికి పెద్ద వకీలు ఉన్నాడు, ముందస్తు బెయిల్‌కి పోయాడు. ఆమెకు ఎవరూ లేరు. ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా ఉచితంగా వకీలును ఇస్తారు, కోర్టు ఆవరణలోనే ఆఫీసు ఉంటుంది. ఆ సంగతి ఆమె కొడుక్కి నేనే ఫోన్ చేసి చెప్పా. మా వాళ్లు నీకెందుకురా అన్నారు. ఎందుకంటే చెక్కు మీద పేరు ఇద్దరిదీ ఒకటే, పోలీసులు ఇటు నుంచి మొదలుపెట్టారు కాబట్టి మేం సాక్షులమయ్యాం, బ్యాంకు వైపు నుంచి తవ్వుకుంటూ వచ్చి, అమ్మ దగ్గర ఆ మస్టర్ కూడా లేకపోయి ఉంటే ముందు ఎవరికి వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చేదో.

అప్పట్లో మా కాగితాలు తీసుకెళ్లిన ఊరి మనిషి ఇప్పుడు కనిపించినా పలకరించడు. అతన్ని కూడా విచారించారు, తను జిరాక్సులు పైన ఇచ్చానే తప్ప తనకేం తెలియదంటున్నాడట. తేల్చాల్సింది పోలీసులు.

చార్జిషీటు వేశారని, సాక్షుల జాబితాలో అమ్మ పేరుందని వకీలు కనుక్కుని చెప్పాడు. సమన్లు ఇంకా రాలేదు. వస్తే ఈసారి మాత్రం ఇంట్లో కూర్చుని చెప్తే కుదరదు, కోర్టుకే పోవాలి, సాక్షులకు దారి ఖర్చులు ఇప్పించే ఏర్పాటు ఉంది, అక్కడే అడిగి తీసుకోమన్నాడు. మస్టర్ ప్రింట్లు, నోటీసు, ఇచ్చిన కాగితాల లిస్టు ఒక కవర్లో పెట్టి షాపు బీరువాలో దాచా. ఎవరికైనా ఆధార్ జిరాక్సు ఇవ్వాల్సి వస్తే ఇప్పుడు అడ్డంగా గీత గీసి, ఎందుకిస్తున్నామో, తేదీతో సహా రాసి ఇస్తున్నాం. మొన్న గ్యాస్ కనెక్షన్ కోసం అలా రాసిస్తే అక్కడి కుర్రాడు ఇదేంటి పిచ్చి గీతలని ఇంకో కాపీ అడిగాడు, నేను ఇవ్వలేదు.