గుండు మెత్తనిదే, దూలం కాదు

అనంతపురంలో ఇంజనీరింగ్ చదివే మా అక్క కొడుకు, వాడి ఫ్రెండ్స్ కలిసి టెక్ ఫెస్ట్‌కి రాళ్లు విసిరే యంత్రం, అదే ట్రెబుషెట్, చేస్తారంట. చేసి పక్కన పెట్టడం కాదు, రెండు జట్లు డాళ్లు, కర్ర కత్తులు పట్టుకుని కోట ముట్టడి ఆడుతుంటే ఇది మధ్యలో గుళ్లు విసరాలంట. మొదట గుత్తి కోట దగ్గరే పెడదామనుకున్నారు. అది పురావస్తు శాఖ కోట రా, అక్కడ మేకు కొట్టినా కేసే అన్నాక గ్రౌండ్‌కి దిగొచ్చారు. "అయినా గుండు స్పాంజిదే కదా మామా, ఏం గాదులే" అన్నాడు.

ఆ మాట దగ్గరే నాకు టెన్షన్. ఈ ఆటలో దెబ్బ తగిలే అవకాశం ఎదుటి జట్టుకన్నా యంత్రం పక్కన నిలబడినవాళ్లకే ఎక్కువ. 1460లో స్కాట్లాండ్ రాజు రెండో జేమ్స్ రాక్స్‌బరో కోటను ముట్టడిస్తూ చనిపోయింది శత్రువు గుండు తగిలి కాదు, పక్కనున్న తన సొంత ఫిరంగి పేలి.

ఈ యంత్రంలో ఇరుసు మీద తిరిగే పొడుగాటి దూలానికి ఒక చివర ఎదురు బరువు, రెండో చివర గుండు ఉంటాయి, బరువు కిందికి పడితే గుండు ఎగురుతుంది. లెక్క చూడండి. 100 కిలోల ఎదురు బరువు ఒకటిన్నర మీటరు కిందికి పడితే దాదాపు 1500 జౌళ్ల శక్తి వస్తుంది. గుండు బరువుగా ఉంటే అందులో చాలా భాగం గుండుతో పాటే వెళ్లిపోతుంది. స్పాంజి గుండు పెడితే అది తీసుకెళ్లేది కొంచెమే, మిగతాదంతా దూలంలో, ఇరుసులో, ఫ్రేములో ఉండిపోయి దూలం ముందుకీ వెనక్కీ పిచ్చి ఊపు ఊగుతుంది. అంటే గుండు తేలిక చేసినప్పుడు ఎదురు బరువు కూడా తగ్గించాలి, లేకపోతే ఎదుటివాడికి సేఫ్, మనకి కాదు. ఈ ఒక్క మాట వాళ్ల బుర్రకెక్కించడానికి బోర్డు మీద బొమ్మ గీయాల్సి వచ్చింది.

రెండోది, ఎక్కడ నిలబడాలి. జొన్నచేను కాపలాకి మంచె ఎక్కి వడిసెల తిప్పినవాళ్లను అడగండి, తాడు కొస ఒక్క క్షణం అటూ ఇటూగా వదిలితే రాయి ఎటు పోతుందో చెబుతారు. ఇక్కడా దూలం చివర వేలాడేది వడిసెలే. ముందే జారితే గుండు నెత్తి మీదికో వెనక్కో పోతుంది, ఆలస్యంగా జారితే ముందున్న నేలకు కొడుతుంది. కాబట్టి దూలం తిరిగే వరసలో ముందూ వెనకా ఎవరూ ఉండకూడదు, చూసేవాళ్లయినా సరే, పక్కకు, అదీ దూరంగా. సెల్ఫీ స్టిక్కులవాళ్ల సంగతి వేరే చెప్పాలా!

ఎదురు బరువుకి కడప బండల ముక్కలు గోనెసంచిలో వేస్తామన్నారు, చవక కదా. దూలం ఒక్కసారి ఆగినప్పుడు అవి ఎగిరొస్తాయి. మూత బిగించిన పెట్టెలో ఇసుక సంచులు పెట్టమన్నాను. సెంట్రింగ్‌కి వాడేసిన పాత సర్వీ కర్రలు దూలానికి వద్దే వద్దు, మేకుల బొక్కల దగ్గరే విరుగుతాయి. బరువు పైకెత్తగానే ట్రిగ్గర్‌తో పాటు ఇనప పిన్ను ఒకటి అడ్డం పడాలి, అందరూ బయటికి వచ్చాకే ఒకే ఒక్కడు, ఎప్పుడూ వాడే, అది తీయాలి. ట్రిగ్గర్ తాడు పొడుగ్గా ఉండాలి, చేతికి చుట్టుకోకూడదు. లాగినా పడలేదనుకోండి, వెళ్లి కాలితో తన్నేవాడు ప్రతి బ్యాచ్‌లో ఒకడుంటాడు, వాడిని ముందే గుర్తుపట్టి స్కోరు రాసే పని ఇవ్వండి. మళ్లీ పిన్ను పెట్టేదాకా ఎవరూ దగ్గరికి పోకూడదు, పిన్ను పెట్టేది కూడా పక్క నుంచే.

"మనిషిని కూర్చోబెట్టి విసిరితే?" అని ఒకడు నవ్వుతూ అడిగాడు. 2002లో ఇంగ్లండ్‌లోని సోమర్‌సెట్‌లో సరదాకి అదే చేస్తే వల మిస్సయి ఒక స్టూడెంట్ చనిపోయాడని చెప్పాక నవ్వు ఆగింది.

అసలు చిక్కు ముట్టడి ఆటలోనే ఉంది. రెండో జట్టు యంత్రాన్ని పట్టుకోవాలని పరిగెత్తుకుంటూ వస్తుంది, అప్పుడే బరువు పైన వేలాడుతూ ఉంటుంది. దసరా రాత్రి దేవరగట్టు బన్నికి, అదే కర్రల సమరానికి, ఒక్కసారి పోయినవాళ్లకు తెలుసు, గుంపు ఊపులో ఎవడూ గీత చూసుకోడు. అందుకే సున్నం గీత కాకుండా గుంజలు పాతి తాడు కట్టించి, తాడు ముట్టుకుంటే చాలు యంత్రం చిక్కినట్టే, లోపలికి అడుగు పెడితే అవుట్ అని పెట్టాం. అమెరికాలో 1966 నుంచి ఇలాంటి యుద్ధాలు ఆడుతున్న సొసైటీ ఫర్ క్రియేటివ్ అనాక్రోనిజం వాళ్లకు ముట్టడి యంత్రాల కోసమే వేరే నిబంధనలున్నాయి. ఆటకు ముందు మార్షల్, అంటే ఆటను పర్యవేక్షించేవాడు, యంత్రాన్ని తనిఖీ చేస్తాడు, ఎవరైనా "హోల్డ్" అని అరిస్తే ఎక్కడివాళ్లు అక్కడ ఆగిపోవాలి. మనవాళ్లు "ఆగు" అని పెట్టుకున్నారు, బాగానే ఉంది. కానీ పక్కనే డీజే మోగుతుంటే ఆ అరుపు ఎవడికి వినపడుతుంది? ముట్టడి అయ్యేదాకా డీజే ఆపమంటే ఒప్పుకోవడం లేదు, ప్రస్తుతానికి గొడవంతా దాని మీదే.