కార్తీక మాసం, కల్నల్ గారి ట్రంకు పెట్టె

సైన్యంలో కల్నల్ 54 ఏళ్లకి రిటైరవుతాడు, బ్రిగేడియర్ 56కి. ఊరొచ్చి కొబ్బరితోట పక్కన డాబా కట్టుకుని స్థిరపడేసరికి పిల్లలు హైదరాబాదులోనో డాలస్‌లోనో ఉంటారు. ఇంట్లో ఇద్దరే. పొద్దున్నే కాలవగట్టు మీద నడక, తర్వాత పూజ, సాయంత్రం గుడి. గోదావరి జిల్లాల్లో ఇలాంటి ఇళ్లు బోలెడు. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరానికైతే మిలిటరీ మాధవరమనే పేరు. ఈ పెద్దమనుషుల భక్తికి వంక పెట్టేదేం లేదు, వంకంతా ఫైల్లో ఉంటుంది. భార్యంటే ఎంత ప్రాణమైనా పీపీవోలో, అంటే పెన్షన్ మంజూరు పత్రంలో, ఆవిడ పేరు తప్పుంటే, ఆయన తర్వాత ఆవిడ ఆఫీసుల చుట్టూ ప్రదక్షిణలు చెయ్యాల్సిందే.

సగం చిక్కు మన పేర్లతోనే. పెళ్లైన కొత్తలో యూనిట్ క్లర్కు పార్ట్ టూ ఆర్డర్‌లో (కుటుంబ వివరాలు రికార్డుకెక్కించే కాగితం) "సత్యవతి" అని రాసి ఊరుకుంటాడు. ఆధార్‌లో "వెంకట సత్యవతి", బ్యాంకులో ఇంటిపేరు పొడి అక్షరం, పాన్ కార్డు అసలే లేదు. పుట్టినతేదీ సంగతి ఇంకా అన్యాయం. ఏడాది మాత్రమే చెప్పినవాళ్లకి ఆధార్‌లో జనవరి 1 వేసేశారు. పాత పీపీవోల్లో చాలావాటిలో భార్య పుట్టినతేదీ గడి ఖాళీ. ఆయన తర్వాత ఆవిడకొచ్చే కుటుంబ పెన్షన్ కూడా 80 ఏళ్లకి 20 శాతం, 85కి 30, 90కి 40 చొప్పున పెరుగుతుంది కదా, తేదీయే లేకపోతే ఆవిడకి ఎనభై వచ్చిన సంగతి లెక్కలోకి ఎక్కేదెలా?

సరిచేయించడానికి ఒక వరస ఉంది. ముందు ఆధార్, దాన్నిబట్టి పాన్, తర్వాత ఇద్దరి పేరున్న జాయింట్ ఖాతా, ఆఖర్న రక్షణశాఖ పెన్షన్ల వెబ్‌సైటు స్పర్శ్ పోర్టల్లో అర్జీ. వెనకనుంచి మొదలెడితే ఒకటి దిద్దినప్పుడల్లా ఇంకోటి తేడా వస్తుంది. పోర్టల్లో పని కాకపోతే ఆఫీసర్ల కాగితాలు ఢిల్లీలో సైన్య ప్రధాన కార్యాలయానికి వెళ్లాలి. ఆనరరీ కెప్టెన్ల దగ్గరే పొరపాటు జరుగుతుంది. ఊరంతా కెప్టెన్ గారూ అన్నా ఆయన జేసీవోయే (జవాన్లకీ ఆఫీసర్లకీ మధ్య హోదా), రికార్డు రెజిమెంటు రికార్డాఫీసులోనే ఉంటుంది. మద్రాస్ రెజిమెంట్ అయితే వెల్లింగ్టన్, ఆర్టిలరీ అయితే నాసిక్ రోడ్డు, ఈఎంఈ (యంత్రాల మరమ్మతు విభాగం) అయితే సికింద్రాబాద్. ఆ అర్జీ ఢిల్లీకి పంపితే దాని గతి దేవుడికెరుక.

డబ్బు లెక్క దంపతులిద్దరూ కూర్చుని ఒకసారి వేసుకోవాలి. ఆయన పెన్షన్ ఆఖరి జీతంలో సగం, ఆవిడకొచ్చేది 30 శాతం. ఆయన పోయాక ఏడేళ్లపాటు, లేదా ఆయనకి 67 నిండాల్సిన తేదీదాకా, ఏది ముందొస్తే అంతవరకు 50 శాతమే ఇస్తారు. 60కి పోతే ఏడేళ్లు, 65కి పోతే రెండేళ్లు, 72కి పోతే మొదటినుంచీ 30 శాతమే. ఆఖరి జీతం లక్ష అనుకుంటే 50 వేలు కాస్తా 30 వేలవుతుంది, డీఆర్ (కరువు భత్యం) దానిమీద వేరే. కమ్యూట్ చేసిన భాగం, అంటే ముందే ఒకేసారి డబ్బుగా తీసుకున్న పెన్షన్ భాగం, 15 ఏళ్లకి తిరిగి కలవాలి. 54లో తీసుకున్నాయనకి 69లో అన్నమాట. కలిసిందో లేదో ఆ నెల స్లిప్పులో చూసుకోవాల్సిందే. కమ్యూట్ చేసినందువల్ల కుటుంబ పెన్షన్ పైసా తగ్గదు. ఈ భయం ఇల్లాళ్లకి చాలామందికి ఉంటుంది గనక చెప్పడం.

కార్తీకం నవంబరు చుట్టూనే వస్తుంది, లైఫ్ సర్టిఫికెట్ హడావుడి కూడా అప్పుడే. 80 దాటినవాళ్లు అక్టోబరు 1 నుంచే ఇవ్వొచ్చు. ఆ సర్టిఫికెట్ ఆన్‌లైన్‌లో ఇచ్చే జీవన్ ప్రమాణ్‌లో ఎక్కువగా తప్పేది ఒక్క గడి దగ్గర. పెన్షన్ చెల్లించేవారి దగ్గర పాత అలవాటుకొద్దీ బ్యాంకు పేరు ఎంచుతారు. స్పర్శ్‌కి మారినవాళ్లు అక్కడ స్పర్శ్ పీసీడీఏ పెన్షన్స్ అని ఎంచాలి, పీపీవో నంబరు కూడా స్పర్శ్ ఇచ్చిన కొత్తదే వెయ్యాలి. లేకపోతే ప్రమాణ్ నంబరు చక్కగా వస్తుంది, పెన్షన్ మాత్రం ఆగుతుంది. తోటపని చేసే చేతులకి వేలిముద్ర పడకపోతే ముఖం చూపించే యాప్ ఉంది. వెలుతురు ఎదురుగా పడేలా కూర్చోవాలి, కిటికీకి వీపు పెట్టి కాదు.

ఇది మొదటి వారంలోనే ముగిస్తే మనసు తేలికపడి పంచారామాలకి వెళ్లొచ్చు. ఆదివారం రాత్రి బయల్దేరి సోమవారం అమరావతి, భీమవరం, పాలకొల్లు, ద్రాక్షారామం, సామర్లకోట చూపించే ఆర్టీసీ బస్సులుంటాయి. ద్రాక్షారామంలోనూ సామర్లకోటలోనూ లింగం రెండంతస్తుల ఎత్తు, అభిషేకం చూడాలంటే పై అంతస్తుకి మెట్లెక్కాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఐదూ ఒక్కరోజులో పెట్టుకోవద్దు. దగ్గరున్న రెండు వేరే వారం చూసుకుంటే నష్టమేం లేదు, శివుడు అక్కడే ఉంటాడు.

సైన్యంలో ఆఫీసరు తన జవాన్ల దేవుడికి దణ్ణం పెడతాడు. మందిర్ పరేడ్‌కి అందరితోపాటు వెళ్లి కూర్చుంటాడు. సర్వధర్మ స్థల్ అయితే గుడీ, మసీదూ, గురుద్వారా, చర్చీ ఒకే కప్పు కింద. అలా బతికొచ్చినాయన్ని గుడి కమిటీ అధ్యక్షుణ్ణి చేస్తే ఊళ్లో పేటల లెక్కలు చూసి తెల్లబోతాడు. ప్రవచనాలు పంతులుగారికి వదిలేసి హుండీ లెక్కింపు, క్యూ, వనసమారాధన సరుకులు ఆయనకి అప్పగిస్తే అందరికీ సుఖం. ఒక్క జాగ్రత్త: లంగరు (యూనిట్ వంటశాల) కొలతలు ఇక్కడ పనికిరావు. ఇరవయ్యేళ్ల జవాను తినేది వేరు, ఉసిరిచెట్టు కింద మన ముసలాళ్లు తినేది వేరు. వందమందికి 12, 13 కిలోల బియ్యం, 3 కిలోల కందిపప్పు సరిపోతాయి. పులిహోర ఉంటే తెల్లన్నం తగ్గించాలి.

వైద్యానికి ఈసీహెచ్ఎస్, అంటే మాజీ సైనికుల ఆరోగ్య పథకం, ఉంది. మామూలుగా ముందు పాలీక్లినిక్ రిఫరల్, తర్వాతే ఆస్పత్రి. ప్రాణం మీదికొస్తే రిఫరల్ అక్కర్లేదు. జాబితాలో లేని ఆస్పత్రిలో చేర్చాల్సివస్తే 48 గంటల్లో పాలీక్లినిక్‌కి కబురు పెట్టాలి. ఆ నంబరు ఆయన ఫోనులో ఉంటే లాభం లేదు, పడిపోయేది ఆయనే కదా. ఆవిడ ఫోనులో ఉండాలి.

కాగితాలన్నీ ఒక్కచోట, తెల్లరంగుతో పేరూ నంబరూ రాసిన ఆ నల్ల ట్రంకు పెట్టెలోనే పెడతారు చాలామంది. మంచిదే, కానీ మంచం కింద వద్దు. గోదావరి లంకల్లో వరదొస్తే ముందు మునిగేది అదే, ఉప్పుగాలికి అడుగు తుప్పుపట్టి పీపీవోకి మరక అంటుకుంటుంది. ఒక్కో కాగితం జిప్ కవర్లో వేసి అటకెక్కించాలి. పీపీవో, ఆవిడ పాన్, పెళ్లి నమోదు, ఆర్మీ గ్రూప్ ఇన్సూరెన్స్ వారి ఎక్స్‌టెండెడ్ ఇన్సూరెన్స్ సర్టిఫికెట్ పైనే ఉండాలి.

ఆయన పోయినప్పుడు 21 రోజుల్లోపు మరణం నమోదు చేయించి నాలుగైదు నకళ్లు తీసుకోవాలి. స్పర్శ్‌లోగానీ కామన్ సర్వీస్ సెంటర్‌లోగానీ వెంటనే తెలియజేయాలి. ఆ తర్వాత నెల ఆయన పెన్షన్ ఖాతాలో పడినా ఏటీఎంలో తియ్యకూడదు, వెనక్కి వసూలు చేస్తారు. ఆయన సిమ్ మాత్రం కుటుంబ పెన్షన్ మొదలయ్యేదాకా రీచార్జి చేయిస్తూనే ఉండాలి, పాత స్లిప్పులు దింపుకోవడానికి ఓటీపీ వచ్చేది ఆ నంబరుకే.