ఆదివారం ఐదు నిమిషాలు

పొద్దున్నే కారు తాళం తిప్పితే డ్యాష్‌బోర్డు లైట్లు మసకగా వెలిగాయి. బానెట్ కింద టకటకమని చప్పుడు వచ్చింది, అంతే. ఇంజిన్ తిరగలేదు. రెండోసారి తిప్పితే ఆ చప్పుడు కూడా లేదు.

నాన్న భుజం విరిగి నాలుగు నెలలైంది. స్టీరింగ్ పట్టుకోవద్దనే డాక్టర్ గారు ఇంకా అంటున్నారు. నేను పనిచేసేది ఇంట్లోంచే కాబట్టి నాకు కారుతో పెద్దగా అవసరం పడదు. ఇన్ని నెలల్లో ఆసుపత్రికి మూడుసార్లు తీశానేమో. మిగతా రోజులన్నీ బండి కవరు కప్పుకుని కింద నిలబడే ఉంది. అలాగని పట్టించుకోకుండా వదిలేయలేదు. నాన్న చెప్పినట్టే ప్రతి ఆదివారం కిందికి దిగి, కవరు తీసి, ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఉంచి, ఆపేసి, మళ్ళీ కప్పి వచ్చేదాన్ని. ఒక్క వారం కూడా మానలేదు. అందుకే ఇవాళ అంత బాధేసింది.

మెకానిక్ వచ్చి బ్యాటరీకి మీటరు పెట్టి చూశాడు. 11.6. నిండుగా ఉన్న బ్యాటరీ అయితే, బండి ఆపి కొన్ని గంటలయ్యాక కూడా 12.6 వోల్టుల దగ్గర చూపించాలట.

"వారం వారం స్టార్ట్ చేస్తూనే ఉన్నానండీ" అన్నాను.

"ఎంతసేపమ్మా?"

"ఐదు నిమిషాలు."

అతను బానెట్‌లోంచి తల బయటికి పెట్టి, "దాని బదులు అసలు చేయకుండా ఉన్నా బాగుండేది" అన్నాడు. కోపంగా కాదు, నెమ్మదిగానే చెప్పాడు.

తర్వాత కాగితం మీద లెక్క వేసుకుంటే గానీ నాకు సరిగ్గా అర్థం కాలేదు. తాళం తీసేసినా కారు పూర్తిగా నిద్రపోదు. గడియారం, అలారం, రిమోట్ లాక్, లోపలి కంప్యూటర్ అన్నీ కాస్త కాస్త కరెంటు తాగుతూనే ఉంటాయి. ఎక్కువలో ఎక్కువ 50 మిల్లీ ఆంపియర్లు అనుకుందాం. ఒక ఆంపియరు కరెంటు గంటసేపు పోతే ఒక ఆంపియర్ అవర్. ఆ లెక్కన రోజుకు 1.2 ఆంపియర్ అవర్లు, వారానికి 8.4, నెలకు 36. మన బ్యాటరీ మొత్తమే 35. ఇంజిన్ స్టార్ట్ కావడానికి మళ్ళీ అందులోంచే లాగుతుంది. బండిని కదల్చకుండా ఐదు నిమిషాలు ఆన్‌లో ఉంచితే తిరిగి చేరేది ఆ వారం పోయినదాంట్లో పిసరంత. అంటే ప్రతి ఆదివారం దాన్ని నింపుతున్నానని నేను అనుకుంటున్నా, అది ఖాళీ అవుతూనే ఉంది. అలా ఖాళీగా చాలాకాలం ఉంటే లోపలి సీసం పలకల మీద సల్ఫేట్ గట్టిపడిపోతుందని, ఆ తర్వాత ఎంత చార్జి పెట్టినా పాత బలం రాదని చెప్పాడు.

బ్యాటరీతో అయిపోలేదు. ఇంజిన్ ఆయిల్ పోసే చోట మూత విప్పి, తిరగేసి నా చేతిలో పెట్టాడు. అడుగున వెన్నరంగు జిగురు పట్టుకుని ఉంది, వేలితో తీస్తే సాగింది. ఆయిల్‌లో నీళ్ళు కలిసి అలా అవుతుందట. పెట్రోలు మండితే నీటి ఆవిరి పుడుతుంది. ఇంజిన్ బాగా వేడెక్కితే అది బయటికి పోతుంది, వేడెక్కకముందే ఆపేస్తే లోపలే చల్లబడి నీరవుతుంది. ప్రతి ఆదివారం సైలెన్సర్ చివర చుక్కలు కారడం నేను చూస్తూనే ఉన్నాను. నేల తడిసిన చోట ఒక గోధుమరంగు మరక కూడా ఏర్పడింది. బండి బాగానే ఉందనడానికి అదే గుర్తనుకున్నాను.

వేరే బ్యాటరీకి వైర్లు తగిలించి బండి స్టార్ట్ చేశాడు. గేరు వేసి క్లచ్ వదిలితే కదల్లేదు, వెనక ఏదో పట్టేసింది. ఇంకొంచెం యాక్సిలరేటర్ ఇస్తే టక్‌మని వదిలింది. నేను గట్టిగా లాగి పెట్టిన హ్యాండ్‌బ్రేక్ అన్నాళ్ళకి అతుక్కుపోయిందన్నమాట. నేల చదునుగా ఉన్నచోట హ్యాండ్‌బ్రేక్ వేయకుండా, ఫస్ట్ గేరులో ఉంచి చక్రాల కింద చెక్కదిమ్మలు పెట్టుకోమన్నాడు. టైర్లలో గాలి 32 ఉండాల్సింది 24కి దిగిపోయింది. అది వెంటనే పట్టించాను.

నాన్న పక్క సీట్లో కూర్చున్నాడు. మొదటి నాలుగైదు బ్రేకులకి గరగరమని చప్పుడు వచ్చింది. డిస్కుల మీద పట్టిన తుప్పు అది. ఆ తర్వాత పోయింది. ఒకేచోట నిలబడి అడుగున చదునైన టైర్లు కాసేపు స్టీరింగ్‌ని వణికించాయి. వేడెక్కాక అదీ సర్దుకుంది. నాన్న బాగున్న చెయ్యి డ్యాష్‌బోర్డు మీద పెట్టి, ప్రతి చప్పుడూ వింటూ కూర్చున్నాడు. అరగంట పైనే తిప్పాను. ఏసీ కూడా పది నిమిషాలు వేసి ఉంచాను, కంప్రెసర్‌లో ఆయిల్ తిరగాలంటే వేయాలట.

తిరిగొస్తుంటే, "నేనే నీకు తప్పు చెప్పానమ్మా" అన్నాడు.

"నీ పాత బండికి అది సరిపోయి ఉంటుంది నాన్నా. దాంట్లో ఆపాక కరెంటు తాగే వస్తువు ఒక్కటైనా ఉండేదా?" అన్నాను.

నాన్న మాట్లాడలేదు. ఇరవై ఏళ్ళు ఆ బండిని సొంత చేతులతో చూసుకున్న మనిషి. ఇప్పుడు చొక్కా గుండీ పెట్టుకోవడానికి కూడా నన్ను పిలవాల్సి వస్తోంది. కారు దగ్గరైనా తన మాట నిలబడాలని ఉంటుంది కదా. ఆ నీళ్ళ సంగతి మాత్రం పాత బండికైనా కొత్త బండికైనా ఒకటే. అది నాన్నకి చెప్పలేదు.

ఇకమీదట ఐదు నిమిషాల స్టార్టింగ్ మానేస్తున్నాను. పది రోజులకోసారి ఇంజిన్ పూర్తిగా వేడెక్కేదాకా, అరగంటకి తగ్గకుండా రోడ్డు మీద నడుపుతాను. పై లెక్క చూస్తే బ్యాటరీకి ఆ అరగంట కూడా చాలదు. అందుకే బ్యాటరీ నిండగానే తనంతట తానే కరెంటు తగ్గించేసే చార్జర్ ఒకటి తీసుకున్నాను. ఎప్పుడైనా నెల రోజులు అసలు ముట్టుకోలేని పరిస్థితి వస్తే బ్యాటరీ మైనస్ వైరు విప్పేయడమే. గడియారం లాంటివి మళ్ళీ సరిచేసుకోవాల్సి వస్తుంది.

రాత్రి పడుకోబోయే ముందు కిందికి వెళ్ళి చూసొచ్చాను. చార్జర్ మీద ఎర్రలైటే ఉంది. పైకి వచ్చేసరికి నాన్న ఇంకా మేలుకునే ఉన్నాడు.

"పచ్చది వచ్చిందా?"

"ఇంకా లేదు నాన్నా. తెల్లారేసరికి వస్తుందన్నాడు."

"లేవగానే చూసి చెప్పు" అని అటు తిరిగి పడుకున్నాడు.